సందు చుక్కల చక్రం

మా బాల్కనీలో దొండపాదు పాకడానికి పందిరి లేదు, ఇనుప గ్రిల్లుకి కట్టిన ఒక పాత సైకిలు రిమ్ము ఉంది. వాన వెలిసిన సాయంత్రాల్లో ఆ గ్రిల్లు నుంచి తుప్పు వాసన వస్తుంది. విశాఖపట్నంలో సముద్రానికి ఎంత ఎడంగా ఇల్లు తీసుకున్నా ఆ వాసన వెంటే వస్తుంది, సీతమ్మధారలో నాలుగో అంతస్తు అయినా సరే. గ్రిల్లుకి ఏడాదికోసారి రంగు వేయిస్తాను, ఏడాది తిరిగేలోపే గోధుమరంగు పొక్కులు లేస్తాయి. రిమ్ముకి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క పొక్కు లేదు. అది అల్యూమినియం. తడిసిన రిమ్ము మీద వేలు పెట్టి రాస్తే కింద నుంచి తెల్లటి మెరుపు వస్తుంది, ఆ మెరుపు వెనకాల మా కొండ వాలు ఇల్లు, మా అమ్మ వేళ్లు, కావడి బద్దకి వేలాడుతున్న మా నాన్న సైకిలు, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో మేము పోర్టుకి ఎదురుగా ఉన్న కొండ వాలు మీద ఉండేవాళ్లం. ఒక ఇంటి పైకప్పు పక్కింటి వాకిలికి సమానంగా ఉండేంత నిటారు వాలు అది. కింద రోడ్డు మీద వీధి కొళాయి, అక్కడి నుంచి పైకి రాతి మెట్లు, మధ్యలో ఒక మలుపు, మలుపు దగ్గర ఒక బల్లపరుపు రాయి, కావిళ్లు మోసేవాళ్లు భుజం మార్చుకునేది అక్కడే. పొద్దున్నే ఓడ కూత వినిపించేది, దాని వెనకే ఎవరింట్లోనో చుక్కకూర పులుసు మరుగుతున్న వాసన, ఎండు చేపలు కాలుతున్న వాసన వచ్చేవి. గాలి పోర్టు వైపు నుంచి వీస్తే ఆరేసిన తెల్లబట్టల మీద ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా కూర్చునేది, అమ్మ వాటిని దులిపి తిట్టి మళ్లీ జాడించేది. వేసవిలో జీడిపళ్లు తిని గొంతు గరగరలాడించుకునేవాళ్లం, చవితినాడు ఉండ్రాళ్లు, నాగులచవితికి చిమ్మిలి, చలికాలం రాగానే ఎవరికి వారే పాత సైకిలు రిమ్ములు సంపాదించి కర్రతో దొర్లించుకుంటూ కింది రోడ్డు మీద పందేలు. ఆ రిమ్ములన్నీ తుప్పు పట్టినవే, ఇంటికొచ్చేసరికి అరచేతులు గేదె గిట్టల్లా నల్లగా ఉండేవి.

నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పని చేసేవాడు. ఆయన సైకిలు అప్పట్లో అందరి దగ్గరా ఉన్న నల్లటి, బరువైన సైకిలే. కింద వదిలితే పొద్దుటికి సీటో గంటో మాయమయ్యేది కాబట్టి, డ్యూటీ దిగి వచ్చిన నాన్న దాన్ని భుజానికెత్తుకుని మెట్లన్నీ ఎక్కి ఇంటికి తెచ్చేవాడు. మలుపు రాయి దగ్గర దింపి ఊపిరి పీల్చుకునేవాడు. స్టాండు రాతికి తగిలి గీరుకునే చప్పుడు ఇంట్లోకి వినిపించగానే అమ్మ కూర పొయ్యి మీద పెట్టేది.

ఒక వానాకాలం ఆయనకి పొత్తికడుపు దగ్గర పేగు జారింది. ఆపరేషను చేశారు. ఇంటికొచ్చి కాస్త తిరగగలిగాడో లేదో, మేమెవరం లేనప్పుడు సైకిల్ని గడప దాటించబోయి కుట్లు పిగిలి రక్తం వచ్చింది. మళ్లీ ఆసుపత్రి. ఈసారి డాక్టరు గారు అమ్మ వైపు తిరిగి చెప్పారు: "పనికి వెళ్లొచ్చు, సైకిలు తొక్కొచ్చు. కానీ బిందెడు నీళ్లకి మించి బరువెత్తకూడదు. ఇంకోసారి ఊడితే కుట్టడానికి నా దగ్గర చోటు లేదమ్మా."

ఆ మాట అమ్మని పట్టుకుంది. సైకిలు నేను మోస్తానంది.

"నా సైకిలు నువ్వు ఎత్తుకొస్తే నలుగురూ నవ్వరేటి?" అన్నాడు నాన్న.

"నవ్వితే నవ్వుతారు. సస్తే ఏడుత్తారు. ఏది కావాలి?"

"ఎత్తనే. ఒట్టు."

"నీ ఒట్టు నాకు తెలీదేటి మావా? నాను సూడనప్పుడు ఎత్తీస్తావు."

అదే నిజం. ఏ షిఫ్టు ఎప్పుడు దిగుతాడో తెలియదు, ప్రతిసారీ కింద కాచుకుని కూర్చోలేం, ఆయన ఎవర్నీ పిలవడు. ఆయన సెలవులు అయిపోవస్తున్నాయి. మనిషిని మార్చలేం కాబట్టి సైకిల్నే మార్చాలి అనుకున్నాం. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కలంటే ఇష్టం, అవి బడిలో కంటే బయటే ఎక్కువ కనిపించేవి.

ముందు తూకం కావాలి. కావడి బద్దని వసారా దూలానికి తాడుతో మధ్యకి కట్టి, ఒక కొసకి సైకిలు, ఒక కొసకి నీళ్ల బిందె వేలాడదీశాం. బిందె సరాసరి చూరు దాకా లేచింది. నీళ్లన్నీ నాన్న నెత్తిన పడ్డాయి. ఆయన తల తుడుచుకుంటూ, పక్కింటి పెద్దమ్మ వాళ్ల ఇత్తడి బిందె పెట్టి చూడమన్నాడు, అది మా దానికంటే చాలా పెద్దది.

"డాట్రు సెప్పింది మనింటి బిందె. ఊరుమ్మడి గంగాళం కాదు," అంది అమ్మ.

నాన్న స్టాండు విప్పాడు, వెనక క్యారేజీ విప్పాడు, చైను మీది రేకు డబ్బా, మడ్‌గార్డులు, గంట, అన్నీ విప్పి గోడవార పెట్టాడు. బిందె కిందికి దిగింది గానీ సైకిలుకి సమానంగా రాలేదు. ఇక విప్పడానికి మిగిలింది చక్రాలే. ఇనుప రిమ్ములు, లావుపాటి స్పోకులు. బరువంతా అక్కడే ఉంది.

ఓడల నుంచి దిగిన పాత సామాను అమ్మే దుకాణంలో అమ్మ రెండు అల్యూమినియం రిమ్ములు చూసి వచ్చింది. ఎవరో ఓడ మనిషి సైకిలువట. మన టైరు వాటి మీద సరిగ్గా కూర్చుంది, బ్రేకు రబ్బర్లు ఆనే అంచు కూడా మన రిమ్ముకి ఉన్నట్టే ఉంది, అది మా అదృష్టం. అమ్మ ప్లాస్టిక్ వైర్లతో బుట్టలు అల్లేది, ఎరుపూ తెలుపూ గళ్లతో. దుకాణం ఆయన భార్యకి రెండు బుట్టలు అల్లి ఇచ్చి రిమ్ములు తెచ్చింది. ఒక్కో రిమ్ముని నేను చిటికెన వేలితో ఎత్తగలిగాను.

మెట్ల కింద సైకిలు షాపు సత్తియ్యది. నాన్నకి వరసకి బావ. బాన పొట్ట, నోట్లో ఎప్పుడూ నిప్పు లోపలికి పెట్టుకునే అడ్డపొగ చుట్ట. రిమ్ముల్ని తిప్పి చూసి బెజ్జాలు లెక్కపెట్టి నవ్వాడు. మన సైకిళ్లకి ముందు హబ్బుకి, అంటే చక్రం నడిమి ఇరుసు గొట్టానికి, స్పోకులు దూర్చే బెజ్జాలు ముప్పైరెండు, వెనక హబ్బుకి నలభై. ఈ రిమ్ములకి రెండింటికీ ముప్పైరెండే.

"ముందుదానికి సరే. ఎనకదానికేటి సేత్తావే? పెళ్లోరు నలబై మంది, ఇస్తరాకులు ముప్పైరెండు!"

"ఎనమండుగురు ఉపాసం ఉంటారులే అన్నయ్యా," అంది అమ్మ.

"ఉంటే ఉండనీ. రైలు పట్టాలు దాటీసరికి సెక్రం జంతిక సుట్టలాగైపోద్ది. అప్పుడు మా బావని మొయ్యాలి, సైకిల్నీ మొయ్యాలి."

అయినా స్పోకులు అతనే ఇచ్చాడు, మేము చెప్పిన పొడుగుకి కోసి మర కొట్టిస్తానన్నాడు. ముందు చక్రం పాతదాన్ని పక్కన పెట్టుకుని చూసి రాసినట్టు అల్లేశాం. వెనక దానికి చూసి రాయడానికి ఏమీ లేదు.

నేను లెక్క వేశాను. హబ్బుకి ఒక్కో పక్క ఇరవై బెజ్జాలు, కావలసినవి పదహారు. నాలుగు వాడి ఒకటి వదిలితే, నాలుగు వాడి ఒకటి వదిలితే, సరిపోయింది. కానీ స్పోకు పొడుగెంత? బెజ్జాల ఎడం హబ్బుకి ఒకలా, రిమ్ముకి ఒకలా ఉంది, కాబట్టి అన్నీ ఒకే పొడుగు కుదరవు అనిపించింది, అంతకు మించి నా బుర్రకి అందలేదు.

అది ధనుర్మాసం. అమ్మ తెల్లవారకముందే వాకిట్లో పేడనీళ్లు చల్లి ముగ్గు వేసేది, కొండ మీద అన్ని వాకిళ్లలోనూ ముగ్గులే, పై వాకిలి నుంచి చూస్తే మెట్ల పక్కన తెల్లటి తిరగలి రాళ్లు పేర్చినట్టుండేవి. నా అవస్థ చూసి అమ్మ వసారా గచ్చు మీద రిమ్ము పడుకోబెట్టి, లోపల హబ్బు పెట్టి, బెజ్జానికో చుక్క చొప్పున పెట్టింది. ముందు ముగ్గుపిండితో గీసి వరస చూసుకుంది. పిండి గీత లావని, తర్వాత దాన్ని చెరిపి చెక్కిన పెన్సిలుతో గీసింది. ఒక స్పోకు పుల్ల ఇటు వాలితే దాని పక్కది అటు వాలాలి, దారిలో మిగతావాటిని దాటుతూ పోయి చివరిదాని కింద నుంచి దూరాలి.

"బుట్ట అల్లికే కదే ఇది. ఏటుంది ఇందులో?" అంది.

గీతల మీద దారం పరిచి నేను కొలిచాను. గుంపులో నాలుగింటికి నడిమివి రెండూ కాస్త పొడుగు, అంచువి రెండూ కురచ. తేడా అర బియ్యపు గింజంత. అన్ని గుంపుల్లోనూ అంతే. నాలుగు పొడుగులు ఉంటాయేమో అని భయపడ్డదాన్ని, రెండే అని తేలేసరికి గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను.

ఒక పక్క అల్లిక అందంగా వచ్చింది. చక్రం తిరగేసి రెండో పక్క మొదలుపెట్టాం. అదే ముగ్గు, అవే చుక్కలు. కొన్ని ఎక్కించేసరికి స్పోకులు అప్పటికే నిండిన బెజ్జాల దగ్గరికే పోయి కొట్టుకుంటున్నాయి, ఖాళీ బెజ్జాలు రెండింటి మధ్యా వెక్కిరిస్తున్నాయి. విప్పి మళ్లీ అల్లాం. మళ్లీ అంతే. మంచం మీద నుంచి నాన్న, "ఒగ్గీయండే. నాను నెమ్మదిగా ఎత్తుకుంటాను పాత సైకిలే," అన్నాడు. అమ్మ లేచి వాకిట్లోకి వెళ్లి, పొద్దున్న తను వేసిన ముగ్గు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఓలమ్మ!" అని అరిచింది ఉన్నట్టుండి. "పాపా, ఇది సరి చుక్క కాదే! సందు చుక్క!"

ముగ్గు తెలిసినవాళ్లకి ఆ మాట చాలు. సరి చుక్కల ముగ్గులో చుక్క కింద చుక్క వస్తుంది, సందు చుక్కల ముగ్గులో రెండు చుక్కల నడిమి సందులోకి కింది చుక్క వస్తుంది. హబ్బుని పట్టుకుని చూస్తే అదే, ఒక పక్క బెజ్జానికి ఎదురుగా రెండో పక్క బెజ్జం లేదు, రెండింటి సందులో ఉంది. మేము రెండో పక్కని కూడా సరి చుక్కగానే వేశాం. అమ్మ పాత చుక్కల సందుల్లో కొత్త చుక్కలు పెట్టి మళ్లీ గీసింది, నేను స్పోకులు అందించాను, అన్నం పొయ్యి మీద మాడిన వాసన వచ్చేసరికి చక్రం అల్లిక పూర్తయింది. ఆ మాడన్నం ముగ్గురం ఉల్లిపాయ కొరుక్కుంటూ ఇష్టంగా తిన్నాం.

వంకర తీయడం తర్వాత. సైకిల్ని బోర్లా నిలబెట్టి, చక్రం తిప్పుతూ దాన్ని పట్టుకునే ఫోర్కుకి ఆనించి సుద్దముక్క పట్టుకుంటే, ఉబ్బిన చోట రిమ్ముకి తెల్లగా అంటేది, అక్కడ స్పోకు తాళంతో ఒక పక్క వదులు, ఒక పక్క బిగువు. అమ్మ బుట్ట అంచు బిగించినట్టే కొంచెం కొంచెంగా బిగించింది. నాన్న మంచం మీద పడుకుని స్పోకులు మీటించుకుని, చప్పుడు విని, "అది బొయ్యిమంటంది, దాన్ని లాగు," అని చెప్పేవాడు. చివరికి సుద్ద ఎక్కడా అంటలేదు, కాస్త దగ్గరికి జరిపితే అన్నిచోట్లా సమానంగా అంటింది.

సత్తియ్య పైకి వచ్చి వదిలేసిన ఎనిమిది బెజ్జాల్నీ వేలితో తడిమాడు. చుట్ట తీసి ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"మా బావకంటే ముందు నాను కూకుంటాను. ఇరిగితే నా నడుమే ఇరుగుద్ది," అని సైకిల్ని కిందికి పట్టుకెళ్లాడు. ఆ పొట్టతో, కాలవ పలకల మీద నుంచి దడదడా, రైలు పట్టాలు అటోసారి ఇటోసారి, వెనక పిల్లలమంతా కేకలేస్తూ. తిరిగొచ్చి చక్రం ఎత్తి తిప్పాడు. అది ఊగలేదు.

"ఉపాసం ఉన్నోలే గట్టోలు," అన్నాడు అమ్మతో.

కావడి బద్దకి మళ్లీ కట్టాం. బిందె, సైకిలు ఒకదానికొకటి ఎదురుగా తేలాయి. అటూ ఇటూ కాసేపు ఊగాయి. ఆగినప్పుడు సైకిలే ఒక వేలెడు పైన ఉంది. అమ్మ బిందెలో నీళ్లు నిండుగా ఉన్నాయో లేదో ఒంగి చూసింది, నేనూ చూశాను.

నాన్న మొదటి రోజు పొద్దుటి షిఫ్టుకి వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక నేనూ అమ్మా పై వాకిట్లో నిలబడ్డాం. రావడం కనిపించింది, కొళాయి దగ్గర దిగాడు, సైకిల్ని భుజానికెత్తాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న మలుపు రాయి దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ దింపే చోటు. దింపలేదు, మలుపు తిరిగేశాడు. భుజం మీద చక్రం సముద్రపు గాలికి తనంతట తనే తిరుగుతోంది, టిక్కు టిక్కుమంటూ. స్టాండు గీరుకునే చప్పుడు కోసం అలవాటు పడ్డ చెవులకి ఆ చప్పుడు కొత్తగా ఉంది.

"ఏటి, అప్పుడే వచ్చీసినావా? కూర ఇంకా పొయ్యెక్కలేదు," అంది అమ్మ.

"మలుపు కాడ ఎనక్కి సూసుకున్నానే," అన్నాడు నాన్న, సైకిల్ని గోడకి ఆనిస్తూ. "సైకిలు కిందే మర్సిపోయినానేమోనని."

అమ్మ నవ్వలేదు. ఆయన పొట్ట దగ్గర చొక్కా ఎత్తి మచ్చ చూసి, చొక్కా దించి, లోపలికి వెళ్లి కూర పొయ్యి మీద పెట్టింది. ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక బుట్ట అల్లిక పక్కన పెట్టి నేల మీదే పడుకుని నిద్రపోయింది. ఆపరేషను అయినప్పటి నుంచి ఆమె పగలు పడుకోవడం నేను చూడలేదు.

నాన్న రిటైరయ్యే దాకా ఆ సైకిలు మీదే పనికి వెళ్లాడు, మళ్లీ ఏ డాక్టరుకీ పొట్ట చూపించుకోవలసిన పని పడలేదు. నేను బతుకంతా ఇళ్లు కట్టేవాళ్లకి కొలతలు వేసి పెట్టాను, ఎవరూ నేర్పకుండానే. ఏ కొలతైనా ముందు నేల మీద గీసి చూసుకోవడం మాత్రం అమ్మ దగ్గర పట్టిందే. ఇప్పుడు ఆ కొండ మీదకి సిమెంటు మెట్లు పడ్డాయి, ఇంటింటికీ గొట్టాల్లో నీళ్లొస్తాయి, కావిళ్లు లేవు, మలుపు రాయిని ఎవరో పునాదిలోకి కలిపేసుకున్నారు. వైరు బుట్టలు అల్లేవాళ్లు కనిపించరు. సైకిలు షాపు ఉన్న చోట ఫోన్లు బాగుచేస్తారు. మా అపార్ట్‌మెంట్లో గుమ్మాలన్నిటికీ అంటించిన ముగ్గులే, ఒకే కాగితం నుంచి కోసినవి, చెరగవు.

కరెంటు పోయి లిఫ్టు ఆగిన రోజు కూరల సంచీతో మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగుతాను. పైన మా బాల్కనీలో దొండతీగ ఆ వెనక చక్రం రిమ్ము బెజ్జాల్లోంచి దూరి, ఒకటి రెండు వదిలేసి ఆపై దాన్ని పట్టుకుంటుంది. గాలి వేసినప్పుడు రిమ్ము ఊగి గ్రిల్లుకి తగులుతుంది, టిక్కుమని. ఆ చప్పుడు మెట్ల మీదకి వినిపిస్తే, నాన్న మలుపు దాటేసినట్టే నాకు, సంచీ మార్చుకోకుండా మిగతా మెట్లు ఎక్కేస్తాను.