కోపిష్టి గుమ్మం

వీధి మలుపులో గిన్నెల సొట్టలు తీసే ఆయనకు చీమ తుమ్మినా వినబడేది. సరే, చీమ సంగతి వదిలేద్దాం. గిన్నెను ఎడమ చెవి దగ్గర పెట్టుకుని చిన్న సుత్తితో టక్కున కొడితే, కంటికి ఆనని పగులు కూడా ఆ చెవికి దొరికిపోయేది. ఆయన కూడు తినేది ఆ చెవి పుణ్యానే.

ఆయన ఇంటి గుమ్మం మాత్రం మహా కోపిష్టిది. ఆయనకంటే మూరెడు ఎత్తున్నా నెలకు రెండుసార్లు ఆయన్ని కొట్టేది. ఓసారి నుదుటి మీద, ఓసారి దవడ మీద, ఓసారి వీపు మీద. గుమ్మం వీపు మీదెలా కొట్టిందని ఎవరూ అడగలేదు. చెంప మీద అయిదు వేళ్లు తేలినా వీధి వీధంతా గుమ్మాన్నే నమ్మింది.

ఒకరోజు రిటైరైన టీచరమ్మ పాలగిన్నె పట్టుకుని పోట్లాటకొచ్చింది.

"పగుల్లేదన్నావు కదయ్యా! స్టవ్వంతా పాలే!"

ఆయన గిన్నెను ఎడమ చెవి దగ్గర పెట్టి కొట్టాడు. "బాగానే ఉందమ్మా."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆయన ఎడమ పక్కకు చేరి మెల్లగా అంది: "నీ కొట్టు తగలబడిపోతోంది."

ఆయన మర్యాదగా నవ్వాడు.

ఆవిడ కుడి పక్కకొచ్చింది. "ఎవరు కొట్టారు?"

"గుమ్మమండి."

"దానికి గోళ్లున్నాయా?"

పక్క కొట్టు టైలరు పకపకా నవ్వాడు. "పెళ్లాం చేతిలో తన్నులా! ఇక ఆ మీసాలెందుకు గురూ?"

టీచరమ్మ అటు తిరిగింది. "మీ చెల్లెలు చెవి పోగొట్టుకుని ఇంటికొస్తే ఇలాగే నవ్వుతావా?"

టైలరు గబగబా మిషను తొక్కసాగాడు. సూది కింద గుడ్డ లేదు.

ఆవిడే ఆయన్ని చెవి డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. కర్ణభేరికి చిల్లు పడిందనీ, ఇంకో దెబ్బ తగిలితే ఆ చెవి మీద ఆశ వదులుకోవాలనీ డాక్టరు తేల్చాడు.

"దీనికి మాటు పడుతుందాండి?" అనడిగాడు, బతుకంతా చిల్లులకు మాట్లు వేసిన మనిషి.

"దానంతటదే పూడుతుంది. నువ్వు ఆ గుమ్మం దగ్గరికి పోకపోతే."

ఆ సాయంత్రమే సుత్తి సంచీ భుజాన వేసుకుని అక్క ఇంటికి వెళ్లాడు. బావ పక్కకు జరిగి, మంచం మీద చోటిచ్చాడు.

ఆర్నెల్లు గడిచాయి. నిన్న ఆయన టీచరమ్మ గిన్నెను ఎడమ చెవికి ఆనించి కొట్టి, "ఇదిగో, ఇక్కడుంది పగులు" అన్నాడు.

ఈ కథ చదివి వినిపిస్తే మాత్రం మొహం గంటు పెట్టుకున్నాడు.

"శుద్ధ అబద్ధం. మా ఆవిడ చేయెత్తి ఎరగదు. ఆ గుమ్మం పొట్టిదండీ, అందుకే ఇల్లు మారాను."