గట్టున పెట్టిన రాయి

గడియారాలు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ నిదానం అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది బావ. అక్క పెళ్ళయిన కొత్తలో, అన్నం ముందు కూర్చున్న బావమరిది తినడం మొదలుపెట్టేలోపు అందరూ చేతులు కడుక్కుని లేచిపోవడం చూసి, "నిదానమే ప్రధానం అంటారు గాని, వీడికి ప్రధానం ఒక్కటే కాదు, వీడి ఒళ్ళంతా నిదానమే" అన్నాడు. ఆ మాట పట్టుకుంది. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అతని కొట్టు చెప్పుల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి గుమ్మంలోనే నిలబడాలి. గోడ నిండా గడియారాలు. ఏ రెండూ ఒక్క టైము చూపించవు. "సరైన టైము ఏదండీ?" అని ఎవరైనా అడిగితే, ఒక కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే, "బాగైనవి తీసుకుపోతారు కదండీ, ఇక్కడ మిగిలినవన్నీ రోగులే" అంటాడు. తను మాత్రం దేన్నీ ఊరికే నమ్మడు. ముల్లు ఏం చూపిస్తే అదే నిజం. మనసుకి ఏమనిపించిందన్నది లెక్కలోకి రాదు.

బల్ల కింద సొరుగులో గడియారాలకి సంబంధం లేని సరుకు ఉంటుంది. నెమలి ఈకలు, కోడి మెడమీది ఈకలు, ఉడత తోక వెంట్రుకలు, రంగురంగుల పట్టుదారం, చిన్న చిన్న గాలాలు. బేరాలు పల్చబడ్డ రోజుల్లో గడియారాల పట్టకారుతోనే గాలానికి ఈకలు చుట్టి, దారంతో బిగించి, చూస్తే రెక్కల పురుగేమో అనిపించే ఎరలు తయారుచేస్తాడు. పొడుగాటి కర్రకి కట్టిన బరువైన తాడుని గాలిలో ఝాడించి, ఆ ఈకల ఎరని నీటిమీద వాలనిచ్చి చేపని పట్టడం ఒక విద్య. ఆ విద్య ఇద్దరికీ అబ్బింది, అతనికీ బావకీ.

తినడానికి చేపని పట్టేవాళ్ళని చూశాం. వీళ్ళిద్దరూ ఏటా విమానమెక్కి పరాయి దేశం పోయి, మంచు కరిగిన నీళ్ళలో నడుం దాకా దిగి, వణుక్కుంటూ చేపని పట్టి, దానితో ఒక ఫొటో దిగి, మళ్ళీ ఆ నీళ్ళలోకే వదిలేసి వస్తారు. పుర్రెకో బుద్ధి మరి. బావ పళ్ళ డాక్టరు. పట్టిన చేప నోట్లోంచి గాలం తీసేటప్పుడు, "కొంచెం పెద్దగా తెరవాలి, నొప్పి తెలీదు" అని దానికీ చెప్పేవాడు.

వాళ్ళు వెళ్ళేది సాల్మన్ చేప కోసం. పుట్టిన ఏటిని వెతుక్కుంటూ సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. ఏట్లోకి అడుగుపెట్టాక ఇంక ఏమీ తినదు, కడుపు మాడ్చుకుని పైకి పోతుంది. మరి ఎరని ఎందుకు కరుస్తుందంటే, కోపంతో అంటారు కొందరు. "కోపమూ కాదు, పాడూ కాదు. అలవాటు. ఆకలి చచ్చినా అలవాటు చావదురా నిదానం" అనేవాడు బావ.

అలవాట్ల గురించి చెప్పడానికి అంత అర్హత ఉన్నవాడు మరొకడు లేడు. సెలవురోజు మధ్యాహ్నం అక్క ఇంట్లో చదరంగం వేసేవాళ్ళు. బావమరిది తల దించుకుని ఒక్కో ఎత్తుకీ యుగాలు ఆలోచించేవాడు. ఆ సందులో బావ చిటికెన వేలితో తన గుర్రాన్నో ఏనుగునో మెల్లిగా పక్కకి నెట్టేవాడు. అక్క లెక్కల టీచరు. పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఇటు తిరక్కుండానే, "ఎన్ని గళ్ళు జరిపారు?" అని అడిగేది. ఆమెకి ఎలా తెలిసేదో ఆమెకే తెలియాలి. బావ దొరికిపోయిన బడిపిల్లాడిలా నవ్వి, "ఒక్కటేనోయ్" అనేవాడు. దొంగతనం చేస్తాడే గాని, అడిగితే అబద్ధం చెప్పడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని ఆమె నవ్వేది. ఆ సామెత ఆ ఇంట్లో అన్నిసార్లు వినపడింది కాబట్టి, దానికి అర్థం ఉందన్న సంగతి కూడా అందరూ మర్చిపోయారు.

ఇక ఆ రాయి సంగతి. మొదటిసారి వెళ్ళినప్పుడే బస ఇచ్చిన ఇల్లుగలావిడ వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది: ఇక్కడ వానకి భయపడక్కర్లేదు, ఎండకి భయపడండి. పొద్దున్న ఎండ చురుక్కుమంటే కొండమీద మంచు కరుగుతుంది. ఆ నీళ్ళు మధ్యాహ్నం దాటాక కిందికి చేరతాయి. చప్పుడు చెయ్యవు, నురగ తేవు. నిలబడినవాళ్ళకి తెలియకుండానే పెరుగుతాయి.

చేపలు ఆగేచోటు ఏటి మధ్యలో ఉన్న గులకరాళ్ళ దిబ్బ పక్కన. దిబ్బకి చేరాలంటే తొడలోతు పాయ దాటాలి. పాయ నిండితే దిబ్బమీద ఉన్నవాళ్ళ పని అంతే. అందుకని నిదానం ఒక పద్ధతి పెట్టాడు. గట్టు అక్కడ మెట్లు మెట్లుగా రాతితో ఉంటుంది. నీటికి కాస్త పైనున్న మెట్టుమీద అరచేయంత తెల్లరాయి పెట్టి దిబ్బమీదకి వెళ్ళేవాళ్ళు. చేప పడినా పడకపోయినా మధ్య మధ్య వెనక్కి తిరిగి చూడటం. రాయి తడిసిందా, తాడు చుట్టెయ్యడం, బయటికి వచ్చెయ్యడం. బావ దాన్ని 'మావాడి ఇలవేల్పు' అని ఏడిపించేవాడు గాని, ఆ మాట విన్నాకే అక్క ఏటా నిశ్చింతగా పంపేది.

ఈసారి మాత్రం ఆమెకి ఇష్టం లేదు. బావ కుడిచేయి వణకడం మొదలైంది. మనుషుల నోళ్ళలో పెట్టే చేయి అది. ఒకరోజు తనంతట తనే ఆస్పత్రికి తాళం వేసి ఇంటికొచ్చేశాడు. మోకాలు అంతకుముందే మొండికేసింది. బావమరిది చాలా పెద్దచేపలు పట్టాడు గాని, బావకి అన్నేళ్ళలోనూ చెప్పుకోదగ్గది ఒక్కటీ పడలేదు. ఈ ఒక్కసారి, ఇదే ఆఖరు, అని చెవిలో జోరీగలా పోరుపెట్టాడు.

బయల్దేరే రోజు అక్క తమ్ముణ్ణి మెట్లమీద ఆపింది. "ఆయన్ని నమ్మి పంపట్లేదురా. నిన్ను నమ్మి పంపుతున్నాను. ఆ రాయి తడిస్తే, చేతిలో ఎంత చేపున్నా సరే, మెడపట్టుకుని బయటికి లాక్కురా."

"అలాగే అక్కా."

"మాట?"

"మాటే."

అక్కడికి చేరిన దగ్గర్నుంచీ ఎండలే. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఇల్లుగలావిడ పొద్దున్నే కిటికీలోంచి కొండవైపు చూసి పెదవి విరిచేది. నది రంగు రోజురోజుకీ పలచటి పాలలా మారుతూ వచ్చింది. ఒడ్డునున్న గడ్డి మొదళ్ళదాకా తడి ఆనవాళ్ళు కనిపించేవి, రాత్రి ఎవరో వచ్చి వెళ్ళినట్టు. నిదానం మనసు కీడు శంకించేది. కాని మనసు గడియారం కాదు కదా, దాని మాట ఎవరు వింటారు.

ఆఖరి రోజు దిబ్బ పక్కన ఒక చేప పైకి లేచింది. వెన్ను మాత్రమే కనిపించి, తీరుబడిగా మునిగిపోయింది. అంత వెన్ను వాళ్ళు ఏనాడూ చూడలేదు. బావ ముఖం పాలిపోయింది.

"అది నాదిరా" అన్నాడు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది.

"నీదే బావా. ముందు రాయి పెట్టనీ."

రాయి పెట్టారు, పాయ దాటారు. నీళ్ళు చల్లగా పట్టుకున్నాయి. బావ పళ్ళు కొట్టుకుంటూ, "నిండా మునిగినవాడికి చలేమిటి, పద పద" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. నిదానానికి ఎందుకో ఆ మాట అప్పుడు నచ్చలేదు.

మధ్యాహ్నం దాకా చేప అలా లేస్తూ, మునుగుతూ, ఎరని మాత్రం ముట్టకుండా ఆడించింది. కొత్త ఎర కట్టి చూద్దామని నిదానం దిబ్బమీద కూర్చుని కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. "కళ్ళజోడు గట్టుమీద మర్చిపోయాను, తెచ్చుకుంటా" అని బావ లేచాడు.

"నేను తెస్తా, ఆగు."

"నా మోకాలికి నువ్వు కాపలావా? పని చూసుకో."

నిదానం తల దించుకుని దారం చుట్టాడు. బావ వెళ్ళాడు, వచ్చాడు. కళ్ళజోడు ముక్కుమీద ఉంది.

ఆ తర్వాత అతను వెనక్కి చూసిన ప్రతిసారీ రాయి పొడిగానే ఉంది. ఎండలో తెల్లగా మెరుస్తూ ఉంది. అయినా ఏదో తేడా. దిబ్బ చివర్న ఇందాక కూర్చున్న చోటు కనపడలేదు. పాదాల కింద గులకరాళ్ళు కదులుతున్నట్టున్నాయి. మోకాళ్ళ దగ్గరుండాల్సిన చలి తొడమీదికి పాకింది. నీళ్ళు పెరిగాయని కాళ్ళు చెబుతూనే ఉన్నాయి. మళ్ళీ తిరిగి చూశాడు. రాయి పొడిగా ఉంది. కాళ్ళ మాట పక్కనబెట్టి రాయి మాటే విన్నాడు. బతుకంతా అతను నేర్చుకున్నది అదే.

చేప అప్పుడే ఎరని అందుకుంది.

తాడు జివ్వుమని సాగింది. వణికే చేయి వణకడం మానేసింది. బావ ముఖంలో అంత వెలుగు నిదానం తన అక్క పెళ్ళిలో కూడా చూడలేదు. "నిదానంగా, నిదానంగా" అని తనలో తను అనుకుంటున్నాడు ఆ మనిషి, జీవితంలో మొదటిసారి. బావమరిది వల పట్టుకుని పక్కకి వచ్చాడు. వస్తూ అలవాటుకొద్దీ వెనక్కి చూశాడు.

రాయి కింద మెట్టు లేదు. రాయి తడిసింది. పాయ పాయలా లేదు, నదిలో కలిసిపోయి ఒకే నీరయింది.

"బావా, పోదాం పద."

"ఒక్క నిమిషంరా. అలిసిపోయింది, వచ్చేస్తుంది."

"బావా, రాయి తడిసింది."

బావ వినలేదు. నిదానం జేబులోంచి దారం కత్తిరించే కత్తెర తీశాడు, బిగుసుకున్న తాడుకి ఆనించాడు, కోసేశాడు. కర్ర ఒక్కసారిగా తేలికై పైకి లేచింది. బావ ఆ ఖాళీ కర్రవంకా, తర్వాత గట్టువంకా చూశాడు. అప్పుడు చదరంగం బల్లముందు నవ్వే నవ్వు వచ్చింది ఆయన ముఖంమీదికి. సగంలో ఆగిపోయింది.

"రాయి నేనే జరిపానురా" అన్నాడు. "ఒక్క జానెడు. పై మెట్టుమీదికి. అంతే."

తిట్టడానికి టైము లేదు. నిదానం ఎగువన నిలబడి బావ జబ్బ పట్టుకున్నాడు. ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. జానెడు తక్కువై ఉంటే నడుం దాకా వచ్చే నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. సగం దూరం బాగానే వచ్చారు. గట్టు ఎదురుగా ఉంది, రాయి నీళ్ళలోంచి కూడా తెల్లగా కనిపిస్తోంది. అక్కడ బావ మోకాలు మడతపడింది. ఒంటిమీది రబ్బరు తొడుగు తడిసి జారింది, వేళ్ళ మధ్యలోంచి జబ్బ జారింది, మణికట్టు జారింది. బావ అరవలేదు. నిదానమే అరిచాడు. ఎంతసేపు అరిచాడో, తను గట్టుకి ఎలా కొట్టుకొచ్చాడో అతనికి తెలియదు. కింది మలుపు దగ్గర పడవవాళ్ళు బావని పైకి తీశారు. కళ్ళజోడు లేదు.

ఇంటికి తెచ్చారు. చెయ్యాల్సినవన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

తిరుగుప్రయాణంలోనే నిదానం చెప్పాల్సింది తయారుచేసుకున్నాడు. పోయిన మనిషి మీద నేరం మోపకూడదు. అక్కకి మిగిలేది ఆయన జ్ఞాపకం ఒక్కటే, దాన్ని కూడా పాడుచెయ్యకూడదు. తమ్ముడంటావా, తిట్టుకోనీ, ముఖం చూడకపోనీ. ఆలోచిస్తే తప్పు తనదే కూడా. కాళ్ళు చెప్పాయి, తను వినలేదు.

అక్క కిటికీ పక్కన కూర్చుని ఉంది. బల్లమీద చదరంగం పావులు ఎవరూ ముట్టుకోలేదు, వెళ్ళేముందు ఆగిపోయిన ఆట అలాగే ఉంది. అతను ఎదురుగా కూర్చున్నాడు. ఆమె అడగకపోతే బాగుండునని అతను అనుకుంటూనే ఉన్నాడు.

"రాయి పెట్టావా?" అంది చివరికి.

"లేదక్కా. మర్చిపోయాను."

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. చిన్నప్పుడు పలక తుడుచుకుని లెక్క చేశానని చెప్పినప్పుడు చూసిన చూపు అది. మర్చిపోవడం ఈ తమ్ముడికి చేతకాదు. ఆమెకి తెలుసు. కొట్టు తాళం వేసి వెళ్ళాక కూడా వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునే మనిషి.

ఆమె బల్లవైపు చూసింది. మళ్ళీ కిటికీవైపు తిరిగింది. ఇటు చూడకుండానే అడిగింది.

"ఎంత జరిపారు?"

అతని మోకాలిమీదున్న చేయి లేచింది. బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించాడు.

అక్క ఇటు తిరిగి ఆ జానెడువంక చూసింది. "అంతేనా" అంది. తన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటిగా మూసేసి, అప్పుడు ఏడ్చింది.