బెజవాడ అనే విదేశం

మా అమ్మాయి కాలేజీ బృందంతో కలిసి సేవ చేయడానికి నేపాలు వెళుతూ, మన ఇంట్లో దేశం దాటే మొదటి మనిషిని నేనేనని మొన్న మా చిలకలగూడ ఇల్లంతా మోగేట్టు చాటుకుంటే, ఆ ఘనత నాదేననీ, చదువుకునే రోజుల్లోనే విదేశం వెళ్ళి సేవ చేసి వచ్చాననీ మనవి చేసుకున్నాను. ఏ దేశమని అడిగింది. బెజవాడ అన్నాను.

"మళ్ళ షురూ చేసినవా నాన్నా!" అని పకపకా నవ్వి పెట్టె సర్దుకోవడానికి పోయింది. కార్ఖానా బస్తీ ఇరానీ హోటల్లోకి పులి వచ్చి చాయ్ తాగిపోయిన కథ చెప్పి పెంచినవాణ్ణి కనుక ఆమెను తప్పు పట్టలేను.

నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరు. నిజాం ఏలే హైదరాబాదు సంస్థానం నుంచి ఇండియన్ యూనియన్‌లోకి పోవడమంటే అప్పుడు మరో దేశం పోవడమే. రూపాయి కూడా వేరు. 1948లో, పోలీసు చర్యకు కొన్ని వారాల ముందు, అల్లర్లకు భయపడి ఊళ్ళు విడిచి బెజవాడ శిబిరంలో తలదాచుకున్నవారికి సేవ చేయాలని మా మిషన్ హాస్టల్ పిల్లలం వార్డెన్ గారి వెంట రైలెక్కాం. అంతకుముందు హాస్టల్ వరండాలో ఒకరి మోకాలికి ఒకరం కట్లు కట్టుకుని ఎంత సాధన చేశామో! తీరా వెళితే అక్కడ గాయపడినవాళ్ళే లేరు. గంజి కాచి పోసే పని ఊరి ఆడవాళ్ళు మాకంటే ముందే అందుకున్నారు. అటునుంచి వచ్చారు కదా, మా ఊరెట్లా ఉందని మాత్రం ప్రతివాళ్ళూ మమ్మల్ని చుట్టుముట్టేవారు. సికింద్రాబాదు దాటి ఎరగని మాకు ఆ ఊళ్ళ పేర్లే కొత్త.

ఇంతలో సరిహద్దు దాటే రైళ్ళు ఆగిపోయాయి. సేవకులమని వచ్చినవాళ్ళం, పళ్ళేలు పట్టుకుని గంజి వరుసలో నిలబడ్డాం.

ఆ వరుసలో నా ముందుండేది వరంగల్ వైపు పల్లెకు చెందిన ఒక అవ్వ. ప్రాణభయంతో పారిపోయి వచ్చేటప్పుడు, కట్టేసిన బర్రె కట్టేసినట్టే ఉండిపోయిందట. నీళ్ళు లేక చస్తుంది, విప్పి వస్తానని ఒక్కగానొక్క కొడుకు వెనక్కి పోయాడు. నేను వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు అన్నాడట. ఆమె దిగులు మరిపిద్దామని ఒక మధ్యాహ్నం నా పులి కథ ఎత్తుకుంటే, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. నవ్వి, నా చెయ్యి పట్టుకుంది.

"పులి చాయ్ తాగుడు సుత ఎరుకైనోనివి, నా కొడుకు ఎన్నడొస్తడో జెర చెప్పు బిడ్డా."

అడక్కుండానే కోతలు కోసేవాణ్ణి నేను. రేపు వస్తాడంటే నమ్మేదే. అందుకే అనలేకపోయాను.

సైన్యం హైదరాబాదు చేరిందన్న వార్త రేడియోలో రాగానే శిబిరమంతా కేకలు, కౌగిలింతలు. రైళ్ళు మొదలు కాగానే జనం మూటలు నెత్తిన పెట్టుకుని స్టేషనుకు పరుగెత్తారు. మాతో రమ్మని, మీ ఊరి దగ్గరి స్టేషన్లో దింపుతామని అవ్వను నేనూ వార్డెన్ గారూ ఎంత బతిమాలామో.

"నేను బోతే, వాడొచ్చి నన్ను ఏడ దేవులాడాలె?" అంది.

వాడు రాడేమోనని చెప్పే ధైర్యం వార్డెన్ గారికీ లేకపోయింది. పిల్లల్ని ఇళ్ళకు చేర్చాలి గనక ఆయన అక్కడ ఆగలేడు. ఆయన లేకుండా నేనూ ఆగలేను. రైలు కదిలేటప్పుడు, పట్టాల పక్కనే ఖాళీ అవుతున్న ఆ శిబిరం పాకల మధ్య ఆమె మా వైపు కాదు, జనం వచ్చే దారి వైపు చూస్తూ కూర్చుని ఉంది.

ఇప్పుడా సరిహద్దు ఏ పటంలోనూ లేదు. బెజవాడకు పోయే రైల్లో ప్రయాణికులు హాయిగా పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. ఫలానా చోట దేశం మారేదని చూపించబోతే నాకే ఆనవాలు దొరకదు. కొడుకు వచ్చాడా అని ఎవరినైనా అడుగుదామంటే, ఆ తల్లి పేరేమిటో తెలియదు. అందరం అవ్వా అనే పిలిచాం.