అందరూ విన్న తప్పు

2012 జూన్‌లో నన్ను మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పాల శీతల కేంద్రానికి ఏరియా ఆఫీసరుగా మార్చారు. నేను పని చేసింది ఒక ప్రైవేటు డెయిరీలో. మా విభాగాన్ని ప్రొక్యూర్‌మెంట్ అనేవారు, అంటే ఊళ్ల నుంచి పాలు సేకరించే పని. ఊళ్లో పాలు పోయించుకునేది ఏజెంటు. ఏజెంట్లను చూసుకునేది రూట్ సూపర్‌వైజరు. ఆయన మీద నేను, నా మీద మిర్యాలగూడలో కూర్చునే జోనల్ మేనేజరు. బదిలీతో పాటే నా నెత్తిన ఇంకో పని పడింది. ఏజెంట్లందరికీ ట్యాబ్‌లు ఇచ్చి, చేతి రాత మాన్పించి, పాల లెక్క మొత్తం యాప్‌లో నడిచేట్టు చూడాలి. ముందు సూర్యాపేటలో, అక్కడ కుదిరితే కోదాడ, మిర్యాలగూడల్లో.

ఆ యాప్‌లో లేనిదంటూ లేదు. పాల కొనుగోలు, దాణా ఆర్డరు, పశువుల డాక్టరుకు కబురు, బర్రె ఎదకొచ్చిన తేదీ, బీమా, బోనసు, చివరికి వాన కబురు కూడా. తెర నిండా గళ్లే. పైగా ఎవరికి కావలసినట్టు వాళ్లు ఆ గళ్లను జరుపుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, గొంతు మార్చుకోవచ్చు. గొంతు నా సలహాయే. చదువు రాని రైతు కూడా తన పాలకు వెన్న ఎంత వచ్చిందో చెవితో వినాలని మీటింగులో నేనే పట్టుబట్టాను. దాన్ని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

పెన్‌పహాడ్ దగ్గరి ఒక ఊళ్లో మా ఏజెంటు యాదమ్మ. నలభై దాటిన మనిషి, ఇంట్లో నాలుగు బర్రెలు. ఏడో తరగతితో చదువు ఆపినా, ఊళ్లోని పాల సేకరణ కేంద్రాన్ని ఏళ్ల తరబడి ఒక్క మాట పడకుండా నడిపింది. ఊళ్లో ఆమెకు విలువంటూ వచ్చింది ఆ కేంద్రంతోనే. పొద్దున లేస్తే ఊరంతా ఆమె ముందు వరుసలో నిలబడేది. ట్యాబ్‌లు ఎలా వాడాలో సూర్యాపేటలో ఒక పూట శిక్షణ ఇచ్చాం. శిక్షణ అంటే మా ఇంజినీరు పెద్ద తెర మీద గళ్లన్నీ ఒకటొకటిగా తెరిచి చూపడం, ఏజెంట్లు తలలూపడం, చివర్లో భోజనం. యాదమ్మ కూడా తలూపింది.

మొదటి రోజు పొద్దున షిఫ్టుకు నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆమె పాలు కాంటా మీద పెట్టి, శాంపిలు తీసి, వెన్న మిషన్‌లో చూసి, ఆ అంకె ట్యాబ్‌లో కొట్టాలి. చేతులకు పాల తడి. తడి వేలితో నొక్కితే తెరకు తెలియదు. తెలియలేదని గట్టిగా నొక్కి పట్టుకుంటే గడి కదలడం మొదలుపెడుతుంది, ఎందుకంటే గళ్లు జరుపుకునే పద్ధతి అదే. పాల కొనుగోలు గడి ఎటో జారిపోయింది. ఆ జాగాలోకి బీమా గడి వచ్చింది. ఆమె అది తెరిచి రైతు నంబరు కొట్టింది. ట్యాబ్ ఖంగుమంది: “తప్పు నమోదు. మళ్లీ ప్రయత్నించండి.”

ఆమె మళ్లీ కొట్టింది. అదే మాట, అంతే గట్టిగా. వరుసలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. గొంతు ఆపే ఏర్పాటు ఉంది గాని, అది లోపలెక్కడో సెట్టింగ్స్‌లో ఉంది. ఆ క్షణాన నాకే గుర్తు రాలేదు. యాదమ్మ ముఖం కందిపోయింది. వాతావరణం తేలికపరుద్దామనుకున్నాను. మాది ఆ జిల్లాయే, పరాచికాలకు తక్కువ లేదు.

“ఏందమ్మా, ఇన్నేండ్లు బర్రెలను పిండినవ్, గీ పలకను పిండరాదా?” అన్నాను.

వరుస వరుసంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవరో ట్యాబ్ గొంతు పెట్టి “తప్పు, మళ్లీ ప్రయత్నించండి” అని వెక్కిరించారు. నేనూ నవ్వాను. యాదమ్మ నవ్వలేదు. ట్యాబ్ పక్కన పెట్టి, ఆ పూట పాలన్నీ చేతి రాతతోనే తీసుకుంది.

తర్వాతి రోజుల్లో ట్యాబ్‌లోనే కొట్టాలని మేము పట్టుబట్టడంతో ఆమె కేంద్రంలో పని నత్తనడక పట్టింది. పాల బండి వచ్చి ఆగినా క్యాన్లు తయారుగా ఉండేవి కావు. ఆలస్యమైన పాలు శీతల కేంద్రానికి చేరేలోపే పులిసిపోయేవి. అది మా వృత్తిలో క్షమించరాని నేరం. కొందరు రైతులు పక్క డెయిరీ వైపు మళ్లారు. ఇంకొన్నాళ్లకు ఆమె ట్యాబ్‌ను తువ్వాలలో చుట్టి రూట్ సూపర్‌వైజరు చేతికిచ్చి, నాతోని కాదని చెప్పమందట. కేంద్రం అదే ఊళ్లో డిగ్రీ చదివిన ఒక కుర్రాడికి ఇచ్చాం. నేను దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. చేతగానివాళ్లు తప్పుకుంటారులే అనుకున్నాను.

ఆలోచించవలసి వచ్చింది కోదాడకు వెళ్లాక. అక్కడి ఏజెంట్లు నెమ్మదస్తులు, “నెట్ రావట్లేదండీ” అని నవ్వుతూ ట్యాబ్ పెట్టెలో పెట్టేశారు. నా ఫోనులో మాత్రం నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. మిర్యాలగూడలోనూ అదే వరస. అప్పుడు నేను అధికారిలా పక్కన నిలబడటం మాని, వరుస చివర్లో ఖాళీ క్యాన్ మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాను. అక్కడి నుంచి చూస్తే గాని తెలియలేదు. మేము ఈ మనుషులకు కొత్త విద్యను, ఊరంతా చూస్తుండగా, వాళ్ల రోజువారీ బతుకు మధ్యలో నేర్పుతున్నాం. అది చాలదన్నట్టు, తప్పు చేసినప్పుడల్లా చాటింపు వేయిస్తున్నాం.

ఇంజినీరుతో గట్టిగానే వాదన జరిగింది. అతను తెలివైనవాడే. ఎవరికి ఎట్లా కావాలంటే అట్లా మార్చుకునే వీలు ఇచ్చాం గదా అన్నాడు. లోపల ఏముందో తెలిసినవాళ్లకు గదా తమకు ఎట్లా కావాలో తెలిసేది అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు. తెరవగానే పాల కొనుగోలు ఒక్కటే కనబడేట్టు చేశాడు. గళ్లు కదలకుండా బిగించాడు. మిగతావి ఏజెంటు కావాలని మమ్మల్ని అడిగినప్పుడు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. గొంతు లీటర్లు, వెన్న మాత్రమే చదువుతుంది. తప్పు పడితే అంకె ఎర్రబడుతుంది, అంతే, అదీ ఏజెంటుకే కనబడుతుంది. అన్నిటికంటే పనికొచ్చింది ‘ఉత్తుత్తి పాలు’. మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని లేని పాలను ఉన్నట్టు కొట్టి చూసుకోవచ్చు, ఎన్ని తప్పులైనా ఆఫీసుకు చేరవు. శిక్షణ కూడా ఇళ్లకే మార్చాం.

ఏడాది తిరక్కుండా మూడు చోట్లా చేతి రాత పోయింది. మిర్యాలగూడ మీటింగులో జోనల్ మేనేజరు నాకు శాలువా కప్పాడు. వద్దనలేదు, కప్పించుకున్నాను.

2014లో రిటైరయ్యే ముందు, పెన్‌పహాడ్ వైపు కొత్తగా ఒక కేంద్రం తెరవవలసి వచ్చింది. దాన్ని యాదమ్మకు ఇద్దామనుకున్నాను. ఊళ్లో దిగి, ఆమె ఇల్లు ఎటు అని ఒక ఆడపిల్లను అడిగాను.

“ఏ యాదమ్మ సార్? తప్పుల యాదమ్మనా?” అంది ఆ పిల్ల. అందులో ఎగతాళి లేదు. ఆ ఊళ్లో ఆమెను అట్లాగే పిలుస్తున్నారు. నేను అవునన్నాను. ఆ ఇంటికి చేరాలంటే అవుననక తప్పలేదు.

యాదమ్మ నన్ను చూసి కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది. కొత్త యాప్ తెరిచి చేతికిచ్చాను. ఉత్తుత్తి పాలు ఒకటి కొట్టింది, రెండోది కొట్టింది. అంకె ఎక్కడా ఎర్రబడలేదు. గిప్పుడు అల్కగున్నది సార్ అంది. అయితే పక్క ఊళ్లో కేంద్రం తీసుకొమ్మన్నాను. ఆమె ట్యాబ్ తుడిచి నా ముందు పెట్టింది.

“మిషన్ మార్పిచ్చిన్రు, మంచిగైంది. నా పేరెట్ల మార్పిస్తరు సార్? గా ఊరికి పోయినా గదే పేరు నాకంటె ముందు పోతది.”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను ట్యాబ్ సంచిలో పెట్టుకుని లేచాను. ఆమె పాలు ఇప్పుడు కోడలు తీసుకెళ్లి పోస్తుందని, తాను ఆ వరుసలో నిలబడి చాన్నాళ్లైందని బయటికి వచ్చాక సూపర్‌వైజరు చెప్పాడు.

కొత్తవాళ్లకు యాప్‌ను తేలిక చేయడమంటే గళ్లు తగ్గించడమని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. గళ్లు తగ్గించడం రెండో పని. నేర్చుకునే మనిషి తప్పు ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ వినబడకుండా చూడటం మొదటి పని. ఆ పనిని యాప్‌లో సరిదిద్దుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఊళ్లో మాత్రం సరిదిద్దలేకపోయాం.