ముప్పై ఒకటో నంబరు కథ

విశ్వవిద్యాలయం ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరూ ప్రశ్నలాయన అంటారు. ఏటా విద్యార్థుల కొత్త కథలూ కవితలూ కలిపి అక్కడో పుస్తకం వేస్తారు. ఇరవై రెండేళ్లుగా దాన్ని దిద్దేది ఆయనే. సొంతంగా ఒక్క మాట మార్చడు. అనుమానం వస్తే అంచులో ఎర్రసిరాతో రచయితనే అడుగుతాడు. "మూడో పేజీలో చనిపోయినావిడ ఐదో పేజీలో కాఫీ కలిపారు. ఎలాగండీ?" అని. కుర్ర రచయితలకు ఆయనంటే హడల్. అదే మనిషి ఇంట్లో మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు.

భార్య రెండేళ్ల కిందట అదే విశ్వవిద్యాలయంలో సాయంత్రం తరగతుల్లో చేరింది. ఏం చదువుతోందో ఆయనకు సరిగ్గా తెలియదు.

పుస్తకానికి వచ్చే రచనలకు పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు, ఎంపికలో పక్షపాతం ఉండకూడదని. ఈసారి ముప్పై ఒకటో నంబరు కథలో ఒక భర్త, గుండీ ఊడిన చొక్కాను కుర్చీ మీద పడేసి, మాటా పలుకూ లేకుండా పనికి వెళ్లిపోతాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది ప్రశ్నలాయనకు. ఆ తర్వాతి వాక్యం ఇది: "పాతికేళ్లలో ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు." కథ ఎవరు రాశారో ఇక సందేహం లేదు. ఆయనకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది గానీ ఎవరి మీదో తేలలేదు.

అంతలో సంపాదకుడు వచ్చాడు. "ఆ కథ ఒక్క లైను పక్క పేజీలోకి పోయిందండీ. ఏదో ఒక వాక్యం లేపేయండి. మీ ఇష్టం."

అడక్కుండానే కత్తెర చేతికొచ్చింది. ఆ ఒక్క వాక్యం పోతే పరువు దక్కుతుంది, కనిపెట్టే నాథుడుండడు. కానీ రచయితను అడగకుండా కొట్టేసే అలవాటు లేదాయె. అంచులో రాశాడు: "రచయిత గారూ, చోటు చాలడం లేదు. ఈ వాక్యం తీసేయవచ్చా?"

ప్రూఫును కవరులో పెట్టి, పద్ధతి ప్రకారం పైన నంబరు మాత్రం వేసి, పేర్ల జాబితా ఉండే సంపాదకుడి ద్వారా రచయితకు పంపాడు. వెళ్లి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర భోంచేశారు. ఉప్పు డబ్బా తప్ప వాళ్ల మధ్య ఏదీ చేతులు మారలేదు.

నాలుగో రోజు కవరు తిరిగొచ్చింది. ఆయన ప్రశ్న కింద జవాబుంది: "తీసేయండి. ఇప్పుడది నిజం కాదు."

ఆ సాయంత్రం ఇంటికి పెందలాడే వెళ్లాడు. భుజాన సంచీ దించకుండానే అడిగాడు. "నీ పరీక్షలెప్పుడు?"

"అయిపోయి నెలయింది" అంది ఆవిడ. "ఎలా రాశావని అడగండి."