ఊఁ కొట్టే పాత్ర

స్టూడియోలో ఆవిడను అందరూ గడగడ అనేవారు. డబ్బింగ్ ఆవిడ వృత్తి, మాట్లాడటం ఆవిడ జబ్బు. పసిపిల్లల ఏడుపులు, బస్టాండు గుంపులో అరుపులు, శవాన్ని చూసిన పనిమనిషి కెవ్వుమనడం, ఇలా తెరమీద మొహం కనిపించని గొంతులన్నీ ఏళ్ళ తరబడి ఆవిడవే. అలాంటి మనిషికి మొదటిసారి ఒక మొహం దొరికింది. మనోవిశ్లేషణ చేసే లేడీ డాక్టరు పాత్రకు గొంతివ్వాలి. హీరో సోఫా మీద వెల్లకిలా పడుకుని సగం సినిమా తన కలలు చెప్పుకుంటాడు. డాక్టరు అతని తల వెనక కుర్చీలో కూర్చుని వింటుంది. ఆమె డైలాగు ఒక్కటే: "ఊఁ."

"టైటిల్స్‌లో పేరు కూడా వేస్తారట అత్తయ్యగారూ!" అని ఆవిడ ఎగురుకుంటూ ఇంటికొచ్చింది.

బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తలేదు. "నీకా, ఊఁ కొట్టే వేషం? కప్పను తక్కెట్లో కూర్చోబెట్టినట్టే."

అత్తగారి నోటి చలవో ఏమో, మర్నాడు ఒక్క ఊఁ కూడా పనికిరాలేదు.

"'త్వరగా కానీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను' అన్నట్టుందమ్మా," అన్నాడు దర్శకుడు. ఇంకోటి విని, "ఇది పోలీసు ఊఁ," అన్నాడు. ఇంకోటి విని నెత్తి పట్టుకున్నాడు. "రేపటికి కుదరకపోతే వేరే గొంతు చూసుకోవాలి. ఏమీ అనుకోకండి."

ఆవిడ గబగబా బయటికి నడిచింది. సినిమాకు సలహాలివ్వడానికి వచ్చిన అసలు డాక్టరమ్మను వరండాలో పట్టుకుంది.

"నోరు మూసుకుని ఎలా కూర్చుంటారండీ మీరు?"

"అవతలి మనిషి ఆగిపోయినా కంగారుపడను. దాచుకున్నది ఏ కలలోనో, ఏ మాట తడబాటులోనో తనే బయటికొస్తుంది."

"నిజంగా ఇది సైన్సేనా?"

డాక్టరమ్మ నవ్వింది. "తగువింకా తేలలేదు. జ్వరానికైతే థర్మామీటరుంది, దీనికి ఏం పెట్టి కొలుస్తాం? చెప్పుకున్నవాళ్ళు తేలికపడటం మాత్రం చూశాను. మీ సినిమాలో నాలుగు కలలకే గుట్టంతా విప్పేశారు. నా దగ్గర ఏళ్ళు పడుతుంది, అదీ విప్పితే!"

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారు అంది, "రాత్రి పిచ్చి కల వచ్చిందే."

మామూలుగా అయితే, "నాకూ వచ్చిందండీ," అని కోడలు అందుకునేది. ఇవాళ పెదవి కొరుక్కుంది. "ఊఁ."

"సైకిలు తొక్కుతున్నాను."

"ఊఁ."

"వెనక మీ మామగారు ఆగు ఆగంటూ పరిగెత్తుతున్నారు."

కోడలికి నవ్వు తన్నుకొస్తోంది. పైటకొంగు గుప్పెట్లో నలిపేసింది కానీ మాట జారనివ్వలేదు. అత్తగారు ఇంకో బఠాణీ కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"చిన్నప్పుడు అన్నయ్య సైకిలు దొంగతనంగా నేర్చుకున్నానే. నాన్న చూసి గాలి తీయించేశాడు. మళ్ళీ ఎక్కలేదు. నీ మాయదారి ఊఁ! ఇన్నేళ్ళు దాచుకున్నది కక్కించావు కదే!"

అంతే, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. బఠాణీలు వంటిల్లంతా దొర్లాయి.

మర్నాడు డబ్బింగ్ గదిలో ఆవిడ తెరమీది పెదవుల్ని వదిలేసి, హీరో చెప్పేది వింది. "ఊఁ."

అద్దం అవతల నుంచి దర్శకుడు మైకులో, "అది కాదమ్మా..." అని ఆగిపోయాడు. "మా అమ్మ ఇలాగే అనేది."

"ఊఁ."

"బడి ఎగ్గొట్టి సినిమాలకి పోయేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ కథే పాఠమని అప్పజెప్పేవాణ్ణి. మొత్తం వినేది."

"ఊఁ."

పక్కనున్న సౌండింజనీరు చప్పుడు కాకుండా రికార్డింగు మీట నొక్కాడు. దర్శకుడికి ఆ సంగతే తెలియలేదు. "ఒకరోజు సినిమా వదిలాక బయట కుంభవృష్టి. పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని పరుగెత్తానా..."

"ఊఁ."

ఇంజనీరు ఉండబట్టలేక చిటిక వేశాడు. "అదిరింది మేడమ్! కావలసినన్ని ఊఁలు వచ్చేశాయి. పాత్ర మీదే! టేక్ ఓకే!"

ఆవిడ విసుగ్గా చెయ్యి అడ్డంపెట్టింది.

"ఉండు బాబూ, ఆయనింకా ఇంటికి చేరలేదు."