సోమవారాన్ని శుక్రవారం చేస్తే

గద్వాలలో చీరల అంచులకు డిజైన్లు గీసే ఒక చిన్న కేంద్రంలో నేను కంప్యూటర్ మనిషిని. డిజైన్ గీసేది నేను కాదు, చీర నేసేది అంతకన్నా కాదు. యూనిక్స్ మీద నడిచే ఒక పాత యంత్రం, దానికి తగిలించిన టేపు డ్రైవు, ఆ రెండింటికీ కాపలాగా నేను. మా డిజైన్ల ప్రోగ్రాం ఆ యంత్రం మీద తప్ప ఇంకెక్కడా నడవనంటుంది. నాకూ ఇంకెక్కడా నడవదు కనుక మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

ప్రతి శనివారం సాయంత్రం డిస్కులో ఉన్నదంతా ఒక టేపు మీదికి ఎక్కిస్తాను. దాన్ని అసలు టేపు అంటాను. మిగతా రోజుల్లో కిందటి టేపు తర్వాత మారినవి మాత్రమే ఎక్కుతాయి. అవి కొసరు టేపులు. అంగట్లో కొసరు లేకపోయినా కూర ఉడుకుతుంది కానీ మా దగ్గర ఉడకదు. డిస్కు పోయిన రోజు ముందు అసలును దించి, దాని మీద కొసర్లను వరుస తప్పకుండా దించుకుంటూ రావాలి. ఇంతకూ ఏది మారిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఫైలు మీది తారీఖు చూస్తుంది. కిందటి టేపు కన్నా కొత్తదైతే ఎక్కిస్తుంది, పాతదైతే వదిలేస్తుంది. మనుషులు తారీఖు విషయంలో అబద్ధమాడతారన్న అనుమానం దానికి లేదు.

ఒక సోమవారం రాజోలి నుంచి ఒక నేత పనివాడు పట్టుచీర పట్టుకుని వచ్చాడు. అది నాగర్‌కర్నూల్‌లో ఉండే మేనత్తది, ఆమె తల్లి, అంటే ఆయన నాయనమ్మ, నేసింది. ఆ అంచు ఇప్పుడు ఎవరూ నేయడం లేదు. దాన్ని మళ్లీ మగ్గం ఎక్కించాలని ఆయన చాలాకాలంగా మేనత్తను బతిమాలుతున్నాడు. చిక్కేమిటంటే, మడత విప్పిన ప్రతిసారీ మడత దగ్గర పట్టు చిట్లుతోంది. ఫోటో తీసుకుంటే చాలదు. ఫోటోలో అంచు కనిపిస్తుంది, పోగులు కనిపించవు. భూతద్దం పెట్టి ఒక్కో పోగూ లెక్కపెట్టి గళ్లలో నింపాలి. ఆ పని మా దగ్గర డిజైన్లు గీసే అక్కది.

"ఇయ్యాలనే మొదలువెడ్తనన్నా," అంది అక్క.

"ఇయ్యాల అమాస గదక్కా!"

"అత్త చీర ఎన్నటిదాంక ఇచ్చింది?"

"శుక్రారం దాంక."

"మల్ల? ఆగితే అయితదా? గిట్ల చేద్దాం. పోయిన శుక్రారమే మొదలువెట్టినట్టు కంప్యూటర్ల తారీఖు ఏస్త. మంచిరోజే గద?"

"మస్తు మంచిరోజు!"

ఈ ఒప్పందం జరిగినప్పుడు నేను టీ తాగడానికి పోయాను. మా కేంద్రంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ నేను టీకి పోయినప్పుడే జరుగుతాయి. అక్క మాట తప్పే మనిషి కాదు. రోజూ పని ముగించగానే ఆ ఫైలు తారీఖును పోయిన శుక్రవారానికి జరిపి ఇంటికి పోయేది. ఆ తర్వాత నేను కొసరు టేపు ఎక్కించేవాణ్ణి. యంత్రం ఆ ఫైలు దగ్గరికి వచ్చి, ఇది పోయిన వారందే, అసలు టేపు మీద ఉండే ఉంటుందిలే అని దాటిపోయేది.

శుక్రవారానికి అంచు పూర్తయింది. చీర నాగర్‌కర్నూల్ చేరింది. శనివారం పొద్దున ఆ లెక్క ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించుకోవడానికి ఆయన వచ్చేసరికి డిస్కు తిరగడం మానేసింది.

"పరేషాన్ గాకండి, టేపులున్నయి," అన్నాను. ఆ మాట అనడానికే కదా నాకు జీతం. కొత్త డిస్కు పెట్టి అసలు దించాను, కొసర్లు దించాను. అన్నీ వచ్చాయి. అక్క ఆ వారంలో తీసేసిన డిజైన్లు కూడా లేచి వచ్చాయి. ఆ అంచు మాత్రం రాలేదు. తారీఖు సంగతి అక్క నోటి నుంచి అప్పుడు బయటపడింది. "మల్ల విప్పుమని ఎట్ల అడుగుదు?" అన్నాడు ఆయన, తనలో తాను.

ఆదివారం ముగ్గురం బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయాం. మేనత్త గడప మీద కూర్చుని అంతా విన్నది.

"నా పెట్టెల ఇన్నేండ్లున్నది, పోయిందారా? మీ పెట్టెల ఒక్క వారం నిలువలే."

"చీర బాగనే ఉంది గదత్తా, లెక్కనే పోయింది."

"అమాస నాడు మొదలువెడ్తే పోదా?"

"అమాస అని రాయలేదత్తా. శుక్రారం అని రాయించినం."

"రాయిస్తే రోజు మారుతదారా? ఒక్క దినం ఆగుతం, చీర ఉండనియ్యి అంటే నేను వద్దందునా?"

ఒక్క రోజు గడువు అడగడం మాకెవరికీ తోచలేదు, యంత్రాన్ని నమ్మించడం మాత్రం తోచింది.

ఆమె లేచి పెట్టె తెరిచింది. చీరను మంచం మీద పరిచి తన చేత్తోనే విప్పింది. రెండో మడత దగ్గర చిన్న చప్పుడైంది. ఎండుటాకు నలిగిన చప్పుడు. అంచులో బెత్తెడు మేర చీలిపోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"జర తొందరగ లెక్కవెట్టు బిడ్డా," అంది అక్కతో.

అక్క భూతద్దంతో పోగులు చదువుతుంటే నేను గళ్ల కాగితం మీద రాసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకోవడం, అర్థం కాకపోయినా. ఆ పనిలో నాకు అనుభవముంది. చీలిన చోట రెండు వరుసలు అందలేదు. కిందటి వారం లెక్కపెట్టినవే అయినా అక్కకు గుర్తు రాలేదు.

"గా రెండు నువ్వే నెయ్యి, నీకు తోచినట్టు," అంది మేనత్త ఆయనతో.

"నాయనమ్మ నేసిన దాంట్ల నా చెయ్యి పెట్టాల్నా?"

"మా అమ్మ ఎవలను జూసి నేసిందో నీకు తెల్సునా?"

సాయంత్రానికి లెక్క పూర్తయింది. ఆమె చీరను మళ్లీ పాత మడతల మీదే మడవబోతుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మడవకత్తా, కర్రకు చుట్టుదాం." ఇల్లంతా వెతికినా సరైన కర్ర దొరకలేదు. చివరికి దోమతెర కర్ర ఒకటి ఊడదీసి, పాత ధోవతి చుట్టి, దాని మీద చీరను చుట్టాడు, ఎక్కడా ముడత పడకుండా, మెల్లగా. ఆమె రెండో కొస పట్టుకుని ఒక్కో అడుగే ముందుకు వస్తూ వదిలింది.

"ఇగ రాత్రి దోమలు నీ ఖాతాల రాస్తరా," అంది.